చిప్పుల కొరకు పోటీ

అమ్రాబాదునుండి హైదరాబాదునకు పోవు మార్గము నల్లమల కొండలు దిగి, డిండి, ఆమనగల్లు, కడ్తాలు మీదుగా తుక్కుగూడ చేరును. ఆ ఊరికి సమీపముననే రావిర్యాల కలదు. ఆ ప్రాంతమున ఫ్యాబ్ సిటీ అను పేర చిప్పుల కర్మాగారములకొక నగరమును వెలయింపవలెనని 2006లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సంకల్పించెను. ఏఎండీ అను అమెరికా సంస్థ సాంకేతిక సహాయముతో సెమిండియా అను సంస్థ అచ్చట కర్మాగారమును స్థాపింపవలసియుండెను. అది నెలకొనలేదు. పిమ్మట ఆ భూమిపై సౌరఫలకములు, ఎలక్ట్రానిక్ పరికరములు చేయు పరిశ్రమలు వచ్చినవి. చిప్పుల కర్మాగారము ఎందులకు అంత దుర్లభమైనదో తెలిసికొన్నచో, నేడు ప్రపంచమున దాని కొరకు సాగుచున్న పోటీ కూడ తెలియును.

చిప్పు అనగా కోట్లకొలది సూక్ష్మమైన విద్యుత్ మీటలు గల చిన్న సిలికాన్ బిళ్ల. చేతి ఫోను, మోటారుకారు, ఆసుపత్రిలోని పరికరము, అన్నియు దానిపై ఆధారపడియున్నవి. దాని పుట్టుకలో రెండు దశలు కలవు. ఏ మీట ఎచ్చట నుండవలెనో నిర్ణయించుట రూపకల్పన. ఆ రూపమును సిలికాన్ పలకపై దింపుట తయారీ. మొదటిపని హైదరాబాదున విరివిగా సాగుచున్నది. క్వాల్‌కామ్, ఏఎండీ మొదలగు సంస్థల రూపకల్పన కేంద్రములు ఆ నగరమున కలవు.

రెండవపని అంత సులభముగా లభించునది కాదు. ఒక కొత్త కర్మాగారమునకు వేయికోట్ల డాలర్లకు మించి వ్యయమగును. మిక్కిలి సూక్ష్మమైన గీతలను ముద్రించు యంత్రములను నెదర్లాండ్స్ దేశపు ఏఎస్ఎమ్ఎల్ సంస్థ ఒక్కటియే చేయుచున్నది. ఒక పలక వందలకొలది దశలను దాటి పూర్తియగుటకు నెలలు పట్టును. అందువలన అత్యాధునికమైన చిప్పులను చేయువారు ముఖ్యముగా ముగ్గురే: తైవాన్‌లోని టీఎస్ఎమ్‌సీ, దక్షిణకొరియాలోని శాంసంగ్, అమెరికాలోని ఇంటెల్. వీరిలో 1987లో మోరిస్ చాంగ్ స్థాపించిన టీఎస్ఎమ్‌సీ అగ్రగామి. అది ఇతరులు గీసిన రూపములకు చిప్పులను చేసి యిచ్చును. 2009లో తన కర్మాగారములను వేరు సంస్థగా విడదీసిన ఏఎండీ కూడ నేడు దానినే ఆశ్రయించుచున్నది. ఆపిల్, ఎన్విడియా, క్వాల్‌కామ్ సంస్థలును ఆ వాకిటనే నిలిచియున్నవి.

పాలమూరు పల్లెలలో చెరువు నీరు చాలని యేట తూమునొద్ది పొలము ముందుగా తడియును. ఆయకట్టు చివరి పొలము ఎండును. నీరటికాడు ధర్మముగా వంతులు వేసిననే చివరి రైతునకు గింజలు దక్కును. చిప్పుల చెరువునకు అట్టి నీరటికాడు లేడు. పెద్ద మొత్తమున కొనువాడు, ముందుగా సొమ్ము చెల్లించువాడు తూమునొద్ద నిలుచును. 2023లో కృత్రిమ మేధకు వలయు చిప్పులకు గిరాకీ పెరిగినప్పుడు, వానిని జతపరచి కూర్చు పనికి సైతము చాలినంత తావు లేక కొనుగోలుదారులు వేచియుండవలసి వచ్చెను.

చివరి పొలము స్థితి ఎట్లుండునో భారతదేశము ఒకమారు చూచినది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు కార్ల సంస్థలు తమ ఆర్డర్లను తగ్గించుకొనెను. ఆ వంతు ఫోనులకును, కంప్యూటర్లకును పోయెను. గిరాకీ మరలివచ్చునప్పటికి కార్లకు చిప్పులు దొరకలేదు. 2021 సెప్టెంబరులో తన ఉత్పత్తి సాధారణముగా ఉండుదానిలో సుమారు 40 శాతమే యుండునని మారుతీ సుజుకీ సంస్థ ప్రకటించెను. ఆనాడు కొరవడిన చిప్పులలో పెక్కు అత్యాధునికములు కావు. సామాన్యమైన పాత తరగతివే. ఒక చిన్న బిళ్ల లేక పెద్ద బండి కదలలేదు.

రూపకల్పనయందే లాభమెక్కువ, తయారీ భారమును ఇతరులకు విడుచుట మేలని కొందరందురు. సుకాలమున ఈ వాదము చెల్లును. కరవు వచ్చిననాడు గీసిన రూపము కాగితమునకే పరిమితమగును. మరికొందరు అత్యాధునికమైన కర్మాగారమునే వెంటనే నిర్మింపవలెనని తొందరపడుదురు. తైవాన్‌కు ఆ నేర్పు దశాబ్దుల సాధనవలన అబ్బినది. అది ప్రకటనలతో వచ్చునది కాదు. చేయగలిగినదానితో ఆరంభించి మెట్టు మెట్టుగా ఎక్కుటయే ఉచితము. 2021 డిసెంబరులో భారత ప్రభుత్వము ఇందులకై 76,000 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. 2024 మార్చిలో గుజరాత్‌లోని ధోలేరాలో టాటా సంస్థ కర్మాగారమునకు తైవాన్ సంస్థ సహకారముతో శంకుస్థాపన జరిగెను. అది 28 నానోమీటర్లును, అంతకు పాతవియు నగు తరగతుల చిప్పులకు ఉద్దేశింపబడినది. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో చిప్పులను కూర్చి తొడుగమర్చు కర్మాగారమునకు కేంద్రమంత్రివర్గము అనుమతి నొసగెను. ఇవి చిన్న మెట్లే యైనను సరియైన మెట్లు.

అయినను కర్మాగారము కోరువారు దాని వెలను కూడ ఎరుగవలెను. చిప్పులను కడుగుటకు మిక్కిలి శుద్ధమైన నీరు పెద్దమొత్తమున కావలెను. 2021లో తైవాన్‌లో ఘోరమైన అనావృష్టి కలిగినప్పుడు, గృహములకును పరిశ్రమలకును నీటిని మిగుల్చుటకై ప్రభుత్వము వేలకొలది హెక్టారుల పొలములకు సాగునీటిని నిలిపి, రైతులకు పరిహార మిచ్చెను. వలసలకు పేరుపడిన పాలమూరు వంటి మెట్టప్రాంతమువారు ఈ విషయమును మరువరాదు. వాడిన నీటిని శుద్ధిచేసి మరల వాడు ఏర్పాటు, రైతు వంతునకు రక్షణ, ఈ రెండును ముందుగానే నిర్ణయింపవలెను. చివరి పొలమును ఎండబెట్టి తెచ్చిన పరిశ్రమ ప్రగతి యనిపించుకొనదు.

ధనము, నీరు, విద్యుత్తు సమకూరినను, పనిచేయు చేతులు లేనిదే చిప్పు పుట్టదు. ధూళి కణమును కూడ సహింపని గదులలో యంత్రములను కనిపెట్టుచుండుటకు ఇంజనీర్లతోపాటు ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన నిపుణులును కావలెను. కుర్చీలో కూర్చుండి చేయు పనియే గొప్పదను భావము సమాజమున బలపడినది. యంత్రమునొద్ద నిలిచి, తప్పులేకుండ, వేయిమార్లు ఒకే పనిని చక్కగా చేయుటయు విద్యయే. ఆ విద్యను గౌరవించిన దేశము తూమునొద్ద నిలుచును. చిన్నచూపు చూచినది ఆయకట్టు చివరనే వేచియుండును.