హాస్టల్ వెనక నాలుగు సెంట్లు



శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. కవులకు ఆ తర్వాత వచ్చేది వసంతం. మట్టి పని తెలిసిన వాళ్లకు మాత్రం, ఎండలు ముదిరేలోపు విత్తు మొలిపించుకోవలసిన గడువు. ఈ హాస్టల్ అన్నం తిని పీజీ దాకా వచ్చిన మేం కొందరం ఈ సంచికలో అడగదలచింది ఒక్కటే. స్నానాల గదుల వెనక వయ్యారిభామ పెరిగి పడున్న ఆ నాలుగు సెంట్ల నేలను ఈ ఫిబ్రవరిలోనే తోటగా తయారుచేద్దాం.

"చదువుకోమని పంపితే పార పట్టిస్తారా?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. మన అమ్మానాన్నలు ఇతరుల చేలల్లో వంగి పనిచేసింది, మన చేతికి పార రాకూడదనే కదా! మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. పెరడు అనే మాట మాలో చాలామంది పాఠ్యపుస్తకంలోనే నేర్చుకున్నాం. వాడలో ఇంటి చుట్టూ జాగా ఎక్కడిది? గుడిసె మీదికి పాకించిన సొరపాదు, పగిలిన కుండలో నాలుగు మిరప మొక్కలు, అదే మా తోట. అందుకే మన పళ్లెంలోకి వచ్చే కూర కోసం మనమే తవ్వుకునే నేల మనకు చిన్న విషయం కాదంటున్నాం.

అయితే షరతులున్నాయి. ఇష్టమున్నవాళ్లే రావాలి. తప్పు చేసినవాణ్ని తోటకు పంపే పద్ధతి మొదలైతే మేమే ముందు వ్యతిరేకిస్తాం. పదో తరగతి వాళ్లను పరీక్షలయ్యేదాకా పిలవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తోట ఉంది కదా అని కూరగాయల ఖర్చులో ఒక్క రూపాయి తగ్గించకూడదు. మెనూలో రాసింది మన హక్కు, తోటలో పండేది దాని మీద అదనం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆ స్త్రీలలో మన తల్లులు, అక్కచెల్లెళ్లు ఉన్నారు. నాలుగు మడుల ఆకుకూరతో అది పోతుందని మేం అనడం లేదు. నీళ్ల సాంబారుతో మాత్రం పోదు.

ఇక పని సంగతి. వయ్యారిభామను పూత రాకముందే వేళ్లతో పీకాలి, చేతులకు గుడ్డ చుట్టుకుని. ఉత్త చేతులతో పట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. తవ్వి గడ్డలు పగలగొట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. తోటకూర గింజలు మరీ సన్నం, ఇసుకలో కలిపి చల్లాలి. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి నాటాలి. బెండాకు ఈనెలు పసుపు పచ్చగా మారితే అది తెల్లదోమ తెచ్చే వైరస్, జాలిపడకుండా ఆ మొక్కను పీకేయాలి. ఈ రోజుల్లో రాలే వేపాకును ఊడ్చి తగలబెడుతున్నాం. దాన్ని మొక్కల మొదళ్లలో పరిస్తే తడి ఆరదు. బియ్యం కడిగిన నీళ్లు మడులకు పోద్దాం. సబ్బు నీళ్లు అరటికి మళ్లిద్దాం, ఆకుకూర మీద మాత్రం వద్దు.

అసలు చిక్కు మన క్యాలెండర్‌తోనే. ఏప్రిల్ చివర హాస్టల్ ఖాళీ అయితే మళ్లీ జూన్ దాకా నీళ్లు పోసే దిక్కుండదు. (పెరటి తోట గురించి పుస్తకాలు రాసేవాళ్లకు వేసవి సెలవులు ఉండవేమో!) కాబట్టి ఇప్పుడు త్వరగా చేతికొచ్చేవే వేయాలి. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది, గోంగూర ఇంకో పది రోజులు. బెండ యాభై రోజుల్లో కాపు మొదలెడుతుంది, సెలవుల్లోపు దక్కినంత దక్కుతుంది. చిక్కుడు చలికాలం పంట, దాని జోలికి ఇప్పుడు పోవద్దు. ఇళ్లకు వెళ్లేముందు మునగకు, కరివేపకు గుంతలు తీసి ఎండనిచ్చి, ఎరువూ మట్టీ నింపి వెళదాం. తొలకరికి తిరిగొచ్చి నాటుకోవచ్చు.

పాత విద్యార్థులను డబ్బు అడగడం లేదు. ఈసారి వచ్చేటప్పుడు మీ ఊరి గోంగూర విత్తనాలు గుప్పెడు తెండి. జూన్‌లో వచ్చేవాళ్లు మోచేతి పొడవు మునగ కొమ్మ తెండి. వచ్చే ఆదివారం ఎండెక్కకముందే మొదలుపెడుతున్నాం. పారలు రెండే ఉన్నాయి, ఇంకో రెండు కావాలి.