భద్రాద్రి వీధుల్లో వికలాంగులకు దారేది?

భద్రాచలం: శ్రీరామనవమికీ, ముక్కోటికీ ఈ పట్టణానికి వచ్చే యాత్రికుల సంగతి అందరికీ తెలిసినదే. మిగతా రోజుల్లో వచ్చే జనం వేరు. చర్ల, దుమ్ముగూడెం మండలాల నుంచి, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, కూనవరం వైపు నుంచి, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి సైతం అడవి పల్లెలవారు ఏరియా ఆసుపత్రికో, ఐ.టి.డి.ఎ. కార్యాలయానికో పని మీద వస్తారు. తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరిగినవారు, చిన్ననాడు పోలియో సోకి కాలు చచ్చుబడినవారు, చూపు లేనివారు వీరిలో ఉంటారు. బస్సు మెట్టు దిగడం వీరికి మొదటి గండం. దిగాక నడిచే చోటు దొరకడం రెండవది.

ఏ చిన్న పట్టణంలోనైనా కాలిబాట ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. మురుగు కాలువ మీద వేసిన పలకలే కాలిబాట. ఒక పలక ఉంటే మరొకటి ఉండదు. ఉన్న పలకల మీద దుకాణాల సామాను, మోటారు సైకిళ్లు, మధ్యలో కరెంటు స్తంభం. కాళ్లున్నవారు రోడ్డు మీదికి దిగి నడుస్తారు. మూడు చక్రాల బండివారు, చంకకర్రలవారు లారీల మధ్య పడవలసిందే. బండిని ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అది పోయే దారి సంగతి మాత్రం వేరే శాఖ చూసుకోవాలి.

ఇది చట్టం లేక వచ్చిన ఇబ్బంది కాదు. 1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చిన వికలాంగుల చట్టంలోనే కాలిబాటలకు వాలు కట్టాలని, అంధుల కోసం రోడ్డు దాటే చోట గుర్తులు చెక్కాలని ఉంది. అయితే ప్రభుత్వాల ఆర్థిక స్తోమతను బట్టి అనే మాట కూడా అందులోనే ఉంది. ఆ మాట చాటున ఇరవై ఏళ్లు గడిచాయి. తర్వాత వచ్చిన 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. నియమాలు వెలువడిన నాటి నుంచి అయిదేళ్లలో పాత ప్రభుత్వ భవనాలన్నిటినీ అందరూ వాడుకునేలా మార్చాలన్నది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి, 2022 జూన్‌తో గడువు ముగిసింది. ఈలోగా వికలాంగులను దివ్యాంగులని పిలవడం మొదలైంది. పేరు మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు.

ప్రమాణాలను సలహాల్లా రాసిన నియమం చట్టానికి విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కొట్టివేసింది. తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 మే నెలలో అదే కోర్టు నడిచేవారికి కాలిబాట ఉండడం జీవించే హక్కులో భాగమని, అది వికలాంగులకు వీలుగా ఉండాలని చెప్పింది.

మరి పని ఎందుకు జరగదు? భద్రాచలంలో పెద్ద రోడ్డు 30వ నంబరు జాతీయ రహదారి. లోపలి వీధులు పంచాయతీవి. గుడి పరిసరాలు దేవాదాయశాఖవి. స్తంభం విద్యుత్ శాఖది. బండి ఆగేది వీటన్నిటి నడుమ ఉన్న అరడుగు గట్టు దగ్గర. ఆ గట్టు మాది అనే శాఖ లేదు.

ఉన్నచోట కూడా వాలు పేరుకే ఉంటుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలు కట్టాలన్నది లెక్క. ఇంతకన్నా నిటారైతే బండి తానుగా ఎక్కదు, వెనుక నుంచి ఒకరు నెట్టాలి. మూడు అడుగుల ఎత్తున్న కార్యాలయపు అరుగుకు ఆరడుగుల వాలు కట్టి బిల్లు తీసుకుంటే అది చక్రాల కుర్చీకి పనికిరాదు, మోటారు సైకిలు ఎక్కించడానికి పనికొస్తుంది. రైల్వే ప్లాట్‌ఫారం అంచున కనిపించే పసుపుపచ్చ గీతల రాళ్లను అలంకారమనుకునేవారు చాలామంది. జపాన్‌లోని ఒకాయామాలో 1967లో మొదటిసారి పరచిన ఆ రాళ్లు అంధుల పాదాలకు దారి చెప్పేవి. వాటి మీద బుట్టలు పెడితే ఆ దారి మూసినట్లే.

పల్లెల సంగతి మరీ ముఖ్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులలో నూటికి 69 మంది పల్లెల్లోనే ఉన్నారు. ఊళ్లలో సిమెంటు రోడ్లు పడ్డాయి, సంతోషమే. కాని చాలాచోట్ల రోడ్డు మీద రోడ్డు వేయడంతో ఇంటి గడప కిందికి పోయింది, పక్కన మూతలేని కాలువ మిగిలింది. రోడ్డు వేసేనాడే గడప దగ్గర, చేతిపంపు దగ్గర, బడి గేటు దగ్గర వాలు తీస్తే నాలుగు తట్టల కాంక్రీటుతో పోతుంది. ఆరిన తర్వాత పగలగొట్టాలంటే కొత్త అంచనా, కొత్త టెండరు. అందుకే అడగవలసింది అంచనా వేసే రోజున. భవనాల విషయంలో చట్టం కూడా ఈ పద్ధతినే పట్టింది. ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వరాదు, కట్టాక పూర్తయినట్లు ధ్రువపత్రమూ ఇవ్వరాదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల రూపాయల దాకా, ఆ తర్వాత యాభైవేల నుంచి అయిదు లక్షల దాకా జరిమానా ఉంది. ఫిర్యాదును రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు పంపవచ్చు.

గోదావరి తీరాన ఇది సౌకర్యంతో ఆగే విషయం కాదు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలై 16న 71.3 అడుగులు దాటించి లోతట్టు కాలనీలను ఖాళీ చేయించింది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. హెచ్చరిక మైకులో వస్తుంది, చెవిటివారికి వినపడదు. పునరావాస కేంద్రం సాధారణంగా బడిలో పెడతారు, దానికి మెట్లుంటాయి. మంచం పట్టినవారిని ఎత్తుకు పోవాలి, ఎవరు ఎత్తాలో ముందే తేలాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వికలాంగుల వివరాలను నమోదు చేసి ఉంచాలని, ప్రమాదం రానున్నప్పుడు వారికి తెలియజేయాలని 2016 చట్టంలోని 8వ సెక్షన్ చెబుతున్నది. ఆ నమోదులో తమ ఊరివారి పేర్లున్నాయా, ఏ ఇంటికి ఎవరు వెళతారు అన్నది వానలకు ముందు జరిగే గ్రామసభలో అడిగి రాయించుకోవచ్చు. 43 అడుగుల హెచ్చరిక వచ్చాక ఆ పనికి వ్యవధి ఉండదు.