నిరీక్షణకూ లెక్క ఉండాలి

నల్లమాడ మండలంలో వేరుశనగ విత్తే రైతుకు పంట ఎన్నాళ్లకు చేతికొస్తుందో తెలుసు. కదిరి పరిశోధనా కేంద్రం రూపొందించిన కదిరి-6 రకమైతే నూరు, నూటపది రోజులు. వాన మొహం చాటేస్తే పంట పోవచ్చు గాని, గడువు మాత్రం రహస్యం కాదు. ఆ గడువును బట్టే అప్పు తెస్తాడు, దాన్ని బట్టే తీరుస్తానని మాట ఇస్తాడు. అదే కుటుంబం వరుస కరువులకు తాళలేక ఇంటి ఆడబిడ్డను కువైట్‌కో సౌదీకో పంపాలనుకున్నప్పుడు మాత్రం "ఎన్నాళ్లు పడుతుంది?" అన్న ప్రశ్నకు బాధ్యతతో జవాబు చెప్పేవారు లేరు. చెప్పేవాడు ఒక్కడే, ఉప ఏజెంటు. అతని జవాబూ ఒక్కటే: "పదిహేను రోజులు."

కదిరి, రాయచోటి, కడప ప్రాంతాల ముస్లిం పేద కుటుంబాలు గల్ఫ్ వలసలో పోగొట్టుకుంటున్న దానిలో పెద్ద భాగం ఈ ఒక్క అబద్ధపు గడువు వల్ల పోతున్నదే. సబ్ర్ చేయమని చెప్పేవారికి మన సమాజంలో కొదవ లేదు. ఎంతకాలం సబ్ర్ చేయాలో చెప్పేవారే కరువయ్యారు. నిజమైన గడువు తెలుసుకోవడం ఎవరో దయతలచి ఇచ్చే సమాచారం కాదు. అది వలస వెళ్లే మనిషి హక్కు.

క్యాలెండర్ ఉన్న వరుస

ఇదే జిల్లా నుంచి ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లిన యువకుల సంగతి చూడండి. వారి నిరీక్షణ తక్కువేమీ కాదు. అమెరికా ఏటా ఉద్యోగ ప్రాతిపదికన ఇచ్చే శాశ్వత నివాస అనుమతులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ అందులో 7 శాతానికి మించి దక్కరాదన్నది అక్కడి చట్టం. అందువల్ల భారతీయుల వరుస కొండవీటి చాంతాడంత అయింది. ఆ వరుసలో 11 లక్షల మంది భారతీయులున్నారనీ, కొత్తగా చేరేవారి వంతు రావడానికి 134 ఏళ్లు పడుతుందనీ కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో లెక్కగట్టింది. అంటే ఈ జన్మలో రాదని అర్థం. పౌరసత్వం పొందినవారు తోబుట్టువుల కోసం పెట్టే దరఖాస్తులకైతే దాదాపు రెండు దశాబ్దాలు. ఇది చాలదన్నట్టు, విదేశాల నుంచి కొత్తగా తెచ్చుకునే ఉద్యోగుల హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుడు ట్రంప్ 2025 సెప్టెంబరులో ఉత్తర్వు జారీ చేశారు.

ఇవన్నీ అన్యాయాలే. కాని ఒక తేడా గమనించాలి. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ ప్రకటిస్తుంది. ఏ దేశంవారు, ఏ వర్గంవారు, ఏ తేదీన దరఖాస్తు చేసుకున్నవారి వంతు వచ్చిందో అందులో ఉంటుంది. కెనడా ప్రభుత్వం ఏ దరఖాస్తుకు ఎన్నాళ్లు పడుతున్నదో తన వెబ్‌సైటులోనే చూపుతుంది. చదువుకున్న యువకుడు ఆ తేదీలు చూసుకుని నిర్ణయం తీసుకుంటాడు. ఉండాలా, కెనడాకు మారాలా, బెంగళూరు తిరిగి రావాలా, తండ్రి పొలం అమ్మకుండా ఆపాలా అన్నది లెక్క వేసుకోగలడు. గడువు కఠినమైనదే అయినా తెలిసిన గడువు మనిషిని కాపాడుతుంది.

క్యాలెండర్ లేని వరుస

పదో తరగతి దాటని తల్లి నిలబడే వరుసకు ఆ క్యాలెండర్ లేదు. ఆమె పాస్‌పోర్టు ఈసీఆర్ పాస్‌పోర్టు. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే మహిళకు కనీసం 30 ఏళ్లుండాలి. 2016 ఆగస్టు నుంచి ఇటువంటి మహిళలను ప్రైవేటు ఏజెంట్లు పంపరాదు, ప్రభుత్వ నియామక సంస్థలే పంపాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్.

ఉద్దేశం మంచిదే. ఆడబిడ్డ మోసపోకూడదన్నదే ఈ నిబంధనల లక్ష్యం. అయితే సక్రమమైన దారిలో ఎక్కవలసిన మెట్లెన్ని? పాస్‌పోర్టు, దానికి పోలీసు విచారణ. యజమాని నుంచి ఒప్పందం. గుర్తింపు పొందిన కేంద్రంలోనే వైద్య పరీక్ష. పోలీసు ధ్రువపత్రం. వీసా ముద్ర. ఆపైన ఈ-మైగ్రేట్‌లో నమోదు, వలస అనుమతి. ప్రతి మెట్టుకూ దాని కాలం దానికుంది. ఒక మెట్టు దగ్గర ఆలస్యమైతే ముందు చేయించుకున్న వైద్య పరీక్ష గడువు తీరి మళ్లీ డబ్బు కట్టవలసి రావచ్చు. అన్నీ సవ్యంగా సాగినా రెండు మూడు నెలలు పట్టడం సహజం. పాస్‌పోర్టులో ఇంటిపేరో పుట్టినతేదీయో ఆధార్‌తో సరిపోలకపోతే అంతకు మించి పడుతుంది. మన ఇళ్లలో షేక్, పఠాన్ అన్న ఇంటిపేర్లు ఒక పత్రంలో ముందు, మరో పత్రంలో వెనుక రాయడం మామూలే కనుక ఈ చిక్కు మనకే ఎక్కువ.

ఈ సంగతి ఊళ్లో చెప్పే నాథుడు లేకపోవడంతో "పదిహేను రోజులు" అన్న మాట గెలుస్తుంది. ఆ పదిహేను రోజుల వీసా తరచుగా పని వీసా కాదు, సందర్శక వీసా. దుబాయ్‌కి చూడబోయే మనిషిగా వెళ్లి, అక్కడి నుంచి ఎవరింటికో, ఒక్కోసారి మరో దేశానికో చేరవలసి వస్తుంది. చేతిలో ఒప్పందం ఉండదు. ఈ-మైగ్రేట్‌లో ఆమె పేరుండదు. ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షలు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండదు. ఆ బీమాకు రెండేళ్లకు కట్టవలసినది 275 రూపాయలు మాత్రమే. అంటే పదిహేను రోజుల తొందర కోసం ఆమె వదులుకున్నది చట్టమిచ్చిన రక్షణ మొత్తాన్ని. 2015లో కువైట్ ఇంటిపనివారికి వారపు సెలవు, పనిగంటల పరిమితి, ఏడాదికి జీతంతో కూడిన సెలవు ఇస్తూ చట్టం చేసింది. ఒప్పందమే లేని మనిషి ఆ చట్టాన్ని ఏ కాగితం చూపి అడగగలదు?

నమోదు లేకుండా మనుషులను పంపే ఏజెంటుకు 1983 చట్టంలో రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లక్షలు వసూలు చేసేవాడికి రెండు వేల జరిమానా చీమ కుట్టినట్టైనా ఉండదు.

ఆలస్యానికి ధర ఎవరు కడుతున్నారో చూడండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చిన ఇంటికి నెలకు వడ్డీయే 3,000. పదిహేను రోజులన్నది నాలుగు నెలలైతే విమానం ఎక్కకముందే 12,000 బాకీ. ఆ భయంతోనే ఏ వీసా అయినా సరే ఎక్కించమని కుటుంబమే ఏజెంటు కాళ్లు పట్టుకుంటుంది. తొందర మన స్వభావంలో లేదు, అప్పులో ఉంది.

శాశ్వత నివాసం అనే భ్రమ

గల్ఫ్‌లో ఇరవై ఏళ్లుంటే అక్కడే స్థిరపడవచ్చన్న ఆశ కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అది నిజం కాదు. అక్కడ శ్రామికుడి నివాస అనుమతి యజమానితో, ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఎన్నేళ్లు పనిచేసినా ఆ కాలం శాశ్వత హక్కుగా కూడబడదు. సౌదీ 2019లో ప్రవేశపెట్టిన ప్రీమియం రెసిడెన్సీలో కాలపరిమితి లేని అనుమతికి రుసుము 8 లక్షల రియాళ్లు. మన డబ్బులో కోటిన్నరకు పైమాటే. అదే ఏడాది మొదలైన ఎమిరేట్స్ గోల్డెన్ వీసా పెట్టుబడిదారులకూ ఉన్నత నిపుణులకూ ఉద్దేశించినది. ఇవి మన ఆయాలకూ డ్రైవర్లకూ సంబంధించిన దారులు కావు. మన శ్రామికుడి విషయంలో శాశ్వత నివాసానికి నిరీక్షణ కాలం ఎంతంటే, లేదన్నదే నిజమైన జవాబు. కాబట్టి వెళ్లే రోజునే తిరిగి వచ్చే రోజును కూడా లెక్క వేసుకోవాలి. ఎన్నేళ్లు, ఎంత పొదుపు, ఏ అప్పు తీరాలి, పిల్లల చదువు ఎంతవరకు అన్నవి ముందే రాసుకోవాలి.

వెళ్లడానికే కాదు, రావడానికీ నిరీక్షణ ఉంది. యజమాని ఇల్లు విడిచిన మనిషి మీద పరారీ కేసు పడితే అది తేలేవరకు విమానం ఎక్కలేదు. అనుమతి లేక మిగిలిపోయినవారు ఆమ్నెస్టీ కోసం ఏళ్ల తరబడి దాక్కుని బతికారు. సౌదీలో 2013లో, కువైట్‌లో 2018లో, 2020లో, మళ్లీ 2024లో క్షమాభిక్ష గడువులు వచ్చాయి. ఆ గడువుల మధ్య కాలాన్ని ఏ లెక్కలోనూ ఎవరూ రాయలేదు.

మనం చేయవలసింది

విదేశీ యజమాని చేతిలో ఉన్న పనికి ప్రభుత్వం గడువు ఎలా ప్రకటిస్తుందని అడిగేవారుంటారు. ఎవరూ భవిష్యత్తు చెప్పమనడం లేదు. నిరుడు వెళ్లినవారికి ఒక్కో మెట్టుకు సగటున ఎన్ని రోజులు పట్టాయో చెబితే చాలు. కెనడా చేస్తున్నదీ దాదాపు అదే. ఈ-మైగ్రేట్‌లో ప్రతి అనుమతికీ తేదీలున్నాయి. వాటిని జిల్లాల వారీగా, తెలుగులో, ఉర్దూలో ప్రకటించడానికి కావలసింది డబ్బు కాదు, ఆ వరుసలో ఉన్నవారూ మనుషులేనన్న గుర్తింపు. 1983 చట్టం స్థానంలో తేదలచిన కొత్త చట్టపు ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబరులో ప్రజాభిప్రాయానికి పెట్టింది. గడువుల ప్రకటన, నమోదులేని ఏజెంట్లకు నిజంగా నొప్పి కలిగించే శిక్ష అందులో ఉండాలని మన సంఘాలు పట్టుబట్టాలి. ఓంక్యాప్ సేవ కదిరి వరకైనా రావాలి. తలుపు మూసి తాళంచెవి విజయవాడలో పెడితే, కిటికీ దూకినవారిని తప్పుపట్టే హక్కు ప్రభుత్వానికి ఉండదు.

అంతవరకు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర లేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో ఏ కార్యకర్త అయినా అడగవచ్చు: గత మూడేళ్లలో ఓంక్యాప్ ద్వారా మన జిల్లా మహిళలు ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరు వెళ్లారు, సగటున ఎన్ని రోజులు పట్టింది? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వవలసిందే. ఆ జవాబును మసీదు నోటీసు బోర్డు మీద అంటించాలి. జుమా తర్వాత రెండు నిమిషాలు దాన్ని చదివి వినిపించాలి.

రెండో పని బైతుల్‌మాల్‌ది. నమోదైన ఏజెంటు పురుష కార్మికుడి నుంచి తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000, జీఎస్టీ కలిపితే 35,400. అంతకు మించి అడిగితే అది చట్టవిరుద్ధం. సక్రమ దారిలో వెళ్లేవారికి ఆ మేరకు ఖర్జె హసనా ఇస్తే వడ్డీ భయం పోతుంది, దానితోపాటు తొందరా పోతుంది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువు నిర్ణయించి రాసుకోవాలని అల్ బఖరా సూరా ఆదేశిస్తుంది. ఏజెంటుకు డబ్బు ఇచ్చే ప్రతి కుటుంబమూ అదే పద్ధతి పాటించాలి. ఏ పని వీసా, ఏ తేదీలోగా, కాకపోతే డబ్బు ఎప్పటికి వాపసు అన్నది కాగితం మీద ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పోవాలి. రాసివ్వనన్న ఏజెంటు తన సంగతి తానే చెప్పుకున్నట్టు.

మూడోది బడి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. పదో తరగతి పూర్తి చేసిన అమ్మాయికి ఈసీఆర్ ముద్ర ఉండదు. అయితే ఆమెకు వలస అనుమతి అక్కర లేదు గనుక ప్రభుత్వ లెక్కలోనూ ఆమె కనబడదు. చదువు దారి తెరుస్తుంది, కాపలా కాయదు. అందుకే చదువుకున్నవారైనా ఒప్పందం చూసుకునే వెళ్లాలి, ఇంటివారి దగ్గర దాని నకలు ఉంచాలి.

పేదవాడి కాలానికి విలువ లేదన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. ఇకపై మన వాడలో ఎవరైనా "పదిహేను రోజుల్లో వీసా" అంటే, ఏ వీసా అని, ఏ తేదీ అని, రాసిస్తావా అని మూడు ప్రశ్నలు అడుగుదాం. జవాబులు వచ్చేవరకు ఒక్క రూపాయి కూడా చేతులు మారనివ్వకుండా చూద్దాం.