గోకొద్దంటే ఆగే దురద కాదిది!

మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద చర్మం పొడిబారి ఎర్రబడుతుంది. రాత్రయితే నెత్తురు వచ్చేలా గోక్కుంటారు. పిల్లల్లో అటోపిక్ డెర్మటైటిస్ తీరు ఇది. దీనికి మన ఇళ్లలో మొదటి వైద్యం ‘గోకొద్దు!’ అని కసరడం. ఈ కసురుతో దురద తగ్గకపోగా పెరగొచ్చు.

ఎందుకంటే చర్మంలోని సన్నని నరాలు దురద కబురును మెదడుకు మోసి ఊరుకోవు. న్యూరోపెప్టైడ్లనే చిన్న ప్రొటీన్ తునకలను చర్మంలోకి వదులుతాయి. వీటిలో ముఖ్యమైన ‘సబ్‌స్టెన్స్ పి’ని వాన్ యూలర్, గాడమ్ 1931లోనే గుర్తించారు. ఇది రక్తనాళాలను వెడల్పు చేసి ఎరుపు, వాపు తెస్తుంది. మాస్ట్ కణాలను రెచ్చగొడుతుంది. గోకితే చర్మం పైపొర దెబ్బతిని నరాలు ఇంకా రేగుతాయి. మళ్లీ దురద, మళ్లీ గోకుడు. మానసిక ఒత్తిడీ ఈ చక్రాన్ని తిప్పుతుంది. పరీక్షల రోజుల్లో, ఇంట్లో గొడవలున్నప్పుడు కొందరు పిల్లల్లో బాధ ఎక్కువవడానికి ఇదీ ఓ కారణమే.

అలాగని ‘అంతా మనసులోనే ఉంది’ అనుకోవద్దు. పుట్టుకతో వచ్చే చర్మపు బలహీనత, రోగనిరోధక వ్యవస్థ అతి స్పందన దీనికి మూలం. సబ్‌స్టెన్స్ పిని అడ్డుకునే మందులు కొన్ని ఈ వ్యాధిపై జరిగిన ప్రయోగాల్లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు కూడా. కాబట్టి చర్మాన్నీ, నిద్రనూ, మనసునూ కలిపే చూసుకోవాలి.

బందరు, గుడివాడ, మొవ్వ, దివిసీమ... మన వైపు వేసవి ఉక్కపోత సంగతి తెలిసిందే. చెమట దురదను రేపుతుంది. కుప్పనూర్పిళ్ల దుమ్మూ కొందరికి పడదు. ఆడుకుని రాగానే గోరువెచ్చని నీళ్లతో కొద్దిసేపు స్నానం చేయించి, మెత్తగా అద్ది, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. నూలు బట్టలు వేయండి. గోళ్లు కత్తిరించండి. ‘గోకొద్దు’ అనే బదులు చల్లని తడిగుడ్డ వేసి, చేతికో ఆటవస్తువు ఇవ్వండి.

దురద అనగానే వంకాయ, గుడ్డు, చేప, రొయ్య అన్నీ మాన్పించేస్తాం. ఏదైనా తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతులు వస్తే డాక్టరుకు చెప్పాలి గానీ, ఊరికే పథ్యం పెడితే ఎదిగే పిల్లలకు పోషకాలు తగ్గుతాయి. అలర్జీ మాత్రలతోనూ ఈ దురద పెద్దగా లొంగదు. ఇందులో హిస్టమిన్ పాత్ర కొంతే.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే ‘అన్నిటికీ ఒకటే’ క్రీములతో మరీ జాగ్రత్త. స్టిరాయిడ్ పూతమందులు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అడిగినవాళ్లకల్లా ఇచ్చే షాపులదీ, అడిగే మనదీ తప్పే. ఇష్టానికి వాడితే చర్మం పలచబడుతుంది. అదే మందును డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే భయం లేదు. భయపడి మధ్యలో ఆపేయడమూ నష్టమే.

టీచర్లకో మాట. ఇది అంటువ్యాధి కాదు. ఆ బిడ్డను విడిగా కూర్చోబెట్టకండి, ఫ్యాను కింద చోటివ్వండి. ఒంటి మీది మచ్చ కన్నా తోటివాళ్లు దూరం జరగడమే పిల్లలను ఎక్కువ బాధిస్తుంది. ఆ బాధా దురదకు ఆజ్యమే!