పాము కాటుకు కాగితం ఎవరిస్తారు?

వార్షికోత్సవ సంచికకు బీమా గురించి రాస్తానంటే రూమ్మేట్లు నవ్వారు. "ఏజెంటువి ఎప్పుడయినవ్ రా?" అన్నారు. బీమా అంటే నెలజీతం ఉన్నవాళ్ల వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటారు. కానీ ఇంటిపెద్ద పోతే మరునాటి గింజలకు వెతుక్కునే ఇంటికే అది ఎక్కువ అవసరం.

ఏటూరునాగారం, తాడ్వాయి, కన్నాయిగూడెం, వాజేడు మండలాల గూడేల్లో కోయ, నాయకపోడు కుటుంబాల బతుకు అడవితోనే ముడిపడి ఉంది. వేసవిలో ఇప్పపూవు, తునికాకు. వానాకాలంలో పోడు చేను. పాము కుట్టినా, చెట్టు మీద నుంచి పడినా అక్కడే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఏటూరునాగారానికి దాదాపు 100 కిలోమీటర్లు. వాగులు పొంగితే ఆ దారీ ఉండదు. 2023 జూలైలో జంపన్నవాగు కొండాయిని ముంచినప్పుడు లోకమంతా చూసింది.

కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన తెచ్చింది. మొదట ఏడాదికి 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20 రూపాయలు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారెవరైనా చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. పాము కాటు, చెట్టు మీద నుంచి పడటం కూడా ప్రమాదాలేనని నిబంధనల్లోనే ఉంది. చదివి సంతోషించాను. అయితే వాటికి వెంటనే తీసుకున్న ఆసుపత్రి రికార్డు ఉండాలట!

గూడెంలో పాము కుడితే ముందు పసరు వైద్యుడి దగ్గరికి పోతారు. దగ్గరలో ఉన్నది ఆయనే. విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది, ముందు అక్కడికే పోవాలని మనం చెప్పాల్సిందే. కానీ బయలుదేరినా దారిలోనే ప్రాణం పోతే మనిషిని ఇంటికే తిప్పుకొస్తారు. మట్టి చేశాక ఏ రికార్డు తేవాలి?

మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేనే. గూడెంలో ఎవరికి కాగితం వచ్చినా నా ముందు పెడతారు. అలాగే ఒక పెద్దమ్మతో ఒక బ్యాంకుకు వెళ్లాను. పెదనాన్న పాము కుట్టి పోయాడు, ఆసుపత్రి కాగితం లేదు. అక్కడివాళ్లు నిబంధన చూపించారు. బయటికొచ్చాక ఆమె అడిగింది, "ఊరంత చూసింది గద బిడ్డా, ఊరి మాట చెల్లదా?"

చెల్లుతుందని మన చట్టమే ఒకచోట ఒప్పుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో సాక్ష్యాల జాబితా ఉంది. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ ఒక సాక్ష్యమే. తోడుగా ఇంకొక ఆధారం ఉండాలి, అంతే. భూమికి పనికొచ్చిన పెద్దల మాట చావుకు ఎందుకు పనికిరాదు? ఏజెన్సీ మండలాల్లో గ్రామసభ తీర్మానం, దానికి తోడు ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్త ధ్రువీకరణ ఉంటే బీమా సొమ్ము ఇవ్వాలి. దొంగ క్లెయిములు వస్తాయని కొందరంటారు. ఊరందరి ముందు లేచి అబద్ధం చెప్పడం తేలికా, ఎక్కడో డబ్బిచ్చి దొంగ కాగితం తెచ్చుకోవడం తేలికా?

కారణం అడగని బీమా మన రాష్ట్రంలోనే ఉంది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ల రైతు ఎలా చనిపోయినా 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. కానీ పట్టా లేని కూలీకి, కౌలురైతుకు అది లేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల సంగతి చెప్పనక్కర్లేదు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. అది వైద్యం ఖర్చు చూస్తుంది, పోయినవాడి ఇంటిని చూడదు.

నిబంధన మారేదాకా మనం చేయగలిగినది కొంత ఉంది. సురక్షా బీమా ఏటా జూన్ 1న కొత్తగా మొదలవుతుంది. ఆ సమయానికి ఖాతాలో 20 రూపాయలు లేకపోతే బీమా ఆగిపోతుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు కూడా. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వేసవి సెలవులకు వెళ్లినప్పుడు అమ్మానాన్నల పాసుపుస్తకంలో ఆ 20 రూపాయలు కట్ అయ్యాయో లేదో చూడండి. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో కూడా చూడండి. మా అమ్మ పేరు రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది, సరిచేయించడానికి రెండు రోజుల కూలి పోయింది.