పెద్దల్ని కూర్చోబెట్టే మర్యాద ఇక చాలు

అరవై దాటిన అన్నలకూ అక్కలకూ, వారిని ప్రేమగా చూసుకుంటున్న కొడుకులకూ కోడళ్లకూ, కూతుళ్లకూ అల్లుళ్లకూ మనవి.

"మీరు లేవకండి మామయ్యగారూ, నేను తెస్తాను." మంచినీళ్లు చేతికి వస్తాయి, కంచం సోఫా దగ్గరికే వస్తుంది, రిమోట్ పక్కనే ఉంటుంది. పెద్దవాళ్లను కూర్చోబెట్టి సేవ చేయడం మనకు మర్యాద. ఆ మర్యాద వాళ్ల షుగర్‌ను పెంచుతోందని చెప్పడానికే ఈ కరపత్రం.

"పొద్దున్నే ముప్పావుగంట వాకింగ్ చేస్తున్నాం కదా" అంటారు చాలామంది. మంచిదే, మానవద్దు. కానీ పార్కు నుంచి వచ్చి కుర్చీలో చేరి, మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చి, రాత్రి సీరియళ్లు అయ్యేదాకా కదలకపోతే మిగతా రోజు సంగతేమిటి?

తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని ఎక్కువగా వాడుకోవలసినవి కండరాలు, ముఖ్యంగా తొడల్లోవి, పిక్కల్లోవి. అందుకు ఇన్సులిన్ సాయం కావాలి. వయసు పైబడేకొద్దీ కండ తరుగుతుంది, ఉన్న కండ కూడా ఇన్సులిన్‌కు సరిగా లొంగదు. అయితే కదిలే కండరం ఇన్సులిన్ మీద ఆధారపడకుండానే చక్కెరను లోపలికి తీసుకోగలదు. కూర్చున్నంతసేపూ ఈ సౌకర్యం వృథాగా పడి ఉంటుంది. రక్తంలోని కొవ్వును విడగొట్టే ఎంజైమ్ కూడా కదలని కండరంలో మందగిస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లిచ్చే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం 1953లోనే చూపింది. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు 45–65 ఏళ్ల మధ్య ఉన్న, బరువెక్కువైన 19 మందిని 20 నిమిషాలకోసారి లేపి 2 నిమిషాలు నడిపించారు. మెల్లగా నడిచినా సరే, ఆహారం తర్వాత చక్కెర పెరుగుదల దాదాపు పావువంతు తగ్గింది. మరుసటి ఏడాది అమెరికాలో 60 దాటిన 10 మందిపై చేసిన పరీక్షలో, ప్రతి భోజనం తర్వాత 15 నిమిషాలు నడవడం రాత్రి భోజనం తర్వాతి చక్కెరను అదుపు చేయడంలో ఒకేసారి 45 నిమిషాలు నడవడంకంటే మెరుగనిపించింది. ఇవి చిన్న పరీక్షలు, కొద్ది రోజుల కొలతలు. మాత్రలకు బదులని ఎవరూ అనుకోవద్దు. కానీ 10 కోట్ల పైచిలుకు షుగర్ రోగులున్న దేశంలో పైసా ఖర్చులేని ఈ పనిని పక్కన పెట్టడం తెలివి కాదు.

ఇంట్లో మంచినీళ్లు పెద్దవాళ్లనే తెచ్చుకోనివ్వండి. మందుల డబ్బా మంచం పక్కన వద్దు, వంటింటి గట్టు మీద పెట్టండి. కుండీలకు నీళ్లు, ఆరిన బట్టలు వాళ్లకు వదిలేయండి. టీవీలో ప్రకటనలు రాగానే లేవాలి, ఫోను నిలబడే మాట్లాడాలి. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీ చేతులు పట్టుకుని నాలుగైదుసార్లు లేచి కూర్చున్నా మేలే. వంటింటి పనితో అమ్మమ్మలకు కాస్తయినా కదలిక ఉంటుంది. ఈ మాటలు ముఖ్యంగా తాతయ్యలకు.

"ముసలాయనచేత పని చేయిస్తున్నారు" అని చుట్టాలు అంటారేమో. అంటారు. ఆ మాట పడేది కోడలే. కాబట్టి ఆమెను కాయవలసిన బాధ్యత పెద్దవాళ్లది: "నేనే చేస్తానన్నాను" అని నలుగురిలో వాళ్లే చెప్పాలి.

సభల సంగతి మరీ ఘోరం. ప్రవచనమైనా, పెన్షనర్ల సమావేశమైనా మూడు గంటలు కదలకూడదు. మధ్యలో లేస్తే వక్తను అవమానించినట్టు. నిర్వాహకులు ఆహ్వానపత్రంలోనే ముద్రించాలి: "అరగంటకోసారి రెండు నిమిషాలు అందరం లేచి నిలబడతాం." వక్తలకూ నష్టం లేదు, కునికేవాళ్లు తగ్గుతారు. అపార్ట్‌మెంట్ సంఘాలు కారిడార్లలో చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు తీయించి, మంచి లైట్లు వేయించి, మెట్లకు రెండు వైపులా పట్టుకునే కమ్మీలు పెట్టించాలి. వానాకాలంలో, ఎండాకాలంలో పెద్దలు నడవడానికి ఉన్న చోటు అదే.

జాగ్రత్తలు కూడా వినండి. బీపీ మాత్రలు వాడేవారు దిగ్గున లేవకూడదు. కాళ్లు కాసేపు ఆడించి, ఏదైనా పట్టుకుని లేచి, తల తిరగడం లేదని చూసుకుని అడుగు వేయాలి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు ఈ మార్పు గురించి ముందే డాక్టరుకు చెప్పాలి. వణుకు, చెమట వస్తే ఆగిపోవాలి. పడిపోతారన్న భయం ఉంటే పక్కన ఒకరు నడవండి.

ఈ కాగితాన్ని లిఫ్టు పక్కన అంటించండి. మీ సంఘం వచ్చే సమావేశంలో అరగంటకోసారి లేవడం, కారిడార్ లైట్లు, కమ్మీలు – ఈ మూడింటినీ చర్చకు పెట్టి తీర్మానం చేయించండి. ఆ చర్చ అరగంట దాటితే ముందు అందరినీ లేపండి.