అన్నం పెట్టని భాషా?

“అన్నం పెట్టని భాష ఎందుకు?” హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో ఈ మాట అంటున్నది పరాయివారు కాదు, మన తెలుగు తల్లిదండ్రులే. వారికి అబర్‌డేర్ అనే ఊరి కథ చెప్పాలి.

దక్షిణ వేల్స్‌లో, కనన్ లోయలో ఉన్న పాత బొగ్గు పట్టణమది. 1801లో రెండు వేల జనం కూడా లేని ఆ ప్రాంతం, ఇనుము, బొగ్గుల వల్ల 1861 నాటికి 30 వేలు దాటింది. పనికోసం వచ్చినవారిలో అధికులు వెల్ష్ మాట్లాడే పల్లెవాసులు. గనిలో మాట, ప్రార్థనామందిరంలో పాట వెల్ష్‌లోనే సాగాయి. ఐస్టెద్‌వద్ అనే సాహిత్య సంగీతోత్సవం జాతీయస్థాయిలో తొలిసారి జరిగింది 1861లో, ఇక్కడే. ‘కార్మికుని డాలు’ అనే అర్థం గల పేరుతో 1875లో ఇక్కడ మొదలైన వెల్ష్ వారపత్రిక, తర్వాత పేరు కుదించుకుని 1934 దాకా నడిచింది. ఆ భాష అన్నం పెట్టలేదని ఎవరనగలరు?

అయినా అది తరిగిపోయింది. 1847లో వెల్ష్ రాని ముగ్గురు ఆంగ్ల విచారణాధికారులు వేల్స్ చదువులను పరిశీలించి, ప్రజల నీతికీ ప్రగతికీ వారి భాషే అడ్డని తేల్చారు. అబర్‌డేర్ ఆంగ్లికన్ చర్చి గురువే తన ఊరి కార్మిక కుటుంబాల నడతను నిందిస్తూ సాక్ష్యమిచ్చాడు. 1870 చట్టంతో వెలసిన బడులు ఇంగ్లీషు బడులయ్యాయి. ఆంగ్లేయుల వలసలు, 1920, 30లలో నిరుద్యోగం తోడయ్యాయి. ఇంగ్లీషే అన్నమని నమ్మిన తల్లిదండ్రులు పిల్లలతో వెల్ష్ మానుకున్నారు.

ఇంగ్లీషు ఆ అన్నాన్ని కాపాడిందా? గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1994లో ప్రభుత్వ సంస్థ మూసివేసిన టవర్ గనిని కార్మికులే తలా 8,000 పౌండ్లు వేసుకొని కొన్నారు. 1995 నుంచి 2008 దాకా నడిపారు. లోయ అంతా ఇంగ్లీషు మాట్లాడుతున్నా బొగ్గు నిలవలేదు. నుడి పోయింది, పని కూడా పోయింది.

పోయిన పని తిరిగి రాలేదు గాని, నుడి కొంత తిరిగి వస్తున్నది. 1962లో పాంటిప్రిద్ దగ్గర దక్షిణ వేల్స్‌లో తొలి వెల్ష్ మాధ్యమ ఉన్నత పాఠశాల, 1995లో అబర్‌డేర్ దగ్గర మరొకటి వెలిశాయి. తమకు వెల్ష్ రాని తల్లిదండ్రులు కూడా పిల్లలను వాటికి పంపుతున్నారు. 2011, 2021 జనగణనల మధ్య వేల్స్ మొత్తంలో వెల్ష్ వచ్చినవారు 19.0 నుంచి 17.8 శాతానికి తగ్గగా, ఈ ఊరున్న రోంద కనన్ టాఫ్ ప్రాంతంలో 12.3 నుంచి 12.4కు పెరిగారు. పెరిగింది పిసరే. కాని తరుగుతున్న చోట పిసరు పెరగడం చిన్న సంగతి కాదు.

తాతలు పారేసుకున్నదాన్ని అక్కడ మనుమలు బడిలో ఏరుకుంటున్నారు. మన ఇళ్లలో తెలుగు ఇంకా బతికే ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయడానికి ప్రభుత్వాలు పాటుపడాలని 1956 నుంచీ మన రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతూనే ఉంది. అడగనివారికి ఆ అధికరణం ఉత్త కాగితమే. రాష్ట్రభాష నేర్చుకుందాం, ఇంగ్లీషూ నేర్చుకుందాం; తెలుగును మాత్రం వదులుకోవద్దు. వచ్చే విద్యా సంవత్సరానికి మీ ఊరి బడిలో తెలుగు తరగతి కావాలని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఏరుకునే గతి మన మనుమలకు పట్టించవద్దు.